ఆటల పోటీలో విత్తనాలు

పిల్లలూ! మీ బడిలో ఆటల పోటీలు జరిగేటప్పుడు ఏ జట్టు ఏ జట్టుతో ఆడాలో ఎట్లా నిర్ణయిస్తారు? "చీట్లు వేస్తారు, ఇంకేముంది?" అంటారు మీరు. నేనూ చాలాకాలం అట్లాగే అనుకున్నాను. ఆ చీట్లను నమ్ముకుని ఒకసారి ఎంత పొరపాటు చేశానో కూడా చెబుతాను. కాని ముందు మా ఇంటి దిగువన జరిగిన సంగతి వినండి.

బడి పని నుంచి విశ్రాంతి తీసుకున్న తరవాత నేను హైదరాబాదులోని రాయదుర్గంలో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. ఎటు చూచినా ఆకాశానికి నిచ్చెనలు వేసినట్లు అద్దాల మేడలు. ఆ మేడల సందుల్లో అక్కడక్కడా మిగిలిపోయిన పాతకాలపు బండరాళ్లు మాత్రం, "మేము ముందు వచ్చాం, మీరు తరవాత వచ్చారు" అన్నట్లు కూచుని ఉంటాయి. మెట్రో రైలు మార్గం ఒక కొస ఇక్కడే. ఇక్కడి పిల్లలకు మా కాలంలోలాగా ఊరి బయట మైదానం లేదు. మేడల నడుమ సిమెంటు నేల, ఒక పక్క ఇనుప స్తంభం, దానికి ఒక రింగు, రింగుకు చిరిగిన వల. అదే వాళ్ల బాస్కెట్‌బాల్ కోర్టు.

ప్రతి దసరా సెలవుల్లోనూ చుట్టుపక్కల మేడల పిల్లలంతా కలిసి పోటీ పెట్టుకుంటారు. జట్టుకు ముగ్గురు. ముందుగా ఇరవైయొక్క పాయింట్లు చేసినవారు గెలిచినట్లు. కిందటేడు పదకొండు జట్లు చేరాయి. చీట్లు వేశారు. ఏం జరిగిందంటే, అందరిలోకి గట్టివైన రెండు జట్లు మొట్టమొదటి ఆటలోనే తలపడ్డాయి. అందులో ఒకటి మా మనమడిది. 21–20తో ఓడిపోయి ఇంటికి వచ్చి, అన్నం తినకుండా పడుకున్నాడు. చివరి ఆట 21–4తో ముగిసింది. చూడవచ్చిన తల్లిదండ్రులు సగంలోనే లేచిపోయారు.

ఈ ఏడు పిల్లలంతా కట్టకట్టుకుని నా దగ్గరికి వచ్చారు. "తాతయ్యా, ఈసారి చీట్లు వద్దు. మీరు లెక్కల మాస్టారు గదా, ఏదైనా ఉపాయం చెప్పండి," అన్నారు.

నాకు గుండెలో కలుక్కుమంది. ఎందుకంటే ముప్ఫయ్యేళ్ల కిందట ఇదే మాట నన్ను మరొకరు అడిగారు. అప్పుడు నాకు ఉపాయం తెలియలేదు.

నేను కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజులవి. కొన్ని పల్లెటూళ్ల బళ్లకు ఖోఖో పోటీలు. మా డ్రిల్లు మాస్టారికి జ్వరం తగలడంతో ఆ పని నా నెత్తిన పడింది. ఆడపిల్లల జట్లు పదహారు. నేను పదహారు చీట్లు వ్రాసి, కూజాలో వేసి, ఒక చిన్న పిల్ల చేత తీయించాను. అంతకంటె న్యాయం ఏముంటుంది అనుకున్నాను. తీరా చూస్తే బాగా ఆడే రెండు బళ్లు మొదటి ఆటలోనే ఎదురుపడ్డాయి. ఓడినవాళ్లు ఎంతో దూరాన్నుంచి, తెల్లవారుజామున లేచి, రెండు బస్సులు మారి వచ్చారు. తెచ్చుకున్న పులిహోర మూట ఇంకా విప్పనే లేదు. ఆట అయిపోయింది. సాయంత్రం దాకా బస్సు లేదు గనక అక్కడే వేపచెట్టు కింద కూచుని, తమకంటె ఎంతో తక్కువగా ఆడే జట్టు రెండో బహుమతి పుచ్చుకోవడం చూచారు. అప్పుడు వాళ్ల నాయకురాలు నా దగ్గరికి వచ్చి, "మాస్టారూ, రెండో బహుమతి మాకెందుకు రాలేదు?" అని అడిగింది. పోట్లాటగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగింది.

"అదృష్టం, అమ్మా!" అన్నాను.

లెక్కల మాస్టారు చెప్పవలసిన జవాబా అది?

తరవాత ఎన్నేళ్లకో, ఈ ప్రశ్న వేసిన మొదటి మనిషి ఆ అమ్మాయి కాదని తెలిసింది. 'ఆలిస్ ఇన్ వండర్‌లాండ్' అనే కథ మీలో చాలామంది వినే ఉంటారు. కుందేలు బొరియలో పడిపోయిన ఆలిస్ కథ. దాన్ని వ్రాసిన లూయిస్ కారల్ అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆయన ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డులో లెక్కలు చెప్పే పండితుడు. ఒకసారి ఆయన టెన్నిసు పోటీ చూడబోయాడు. పెందరాళే ఓడిపోయిన ఒక ఆటగాడు, తనకంటె తక్కువవాడికి రెండో బహుమతి పోతున్నదని లబలబలాడుతున్నాడు. మనవంటి వాళ్లమైతే, "పాపం!" అని ఊరుకునేవాళ్లం. ఆయన ఇంటికి వెళ్లి లెక్క కట్టి, 1883లో దానిమీద ఒక చిన్న పుస్తకమే అచ్చువేశాడు.

ఆ లెక్క మీరూ కట్టవచ్చు. నా ఖోఖో పోటీనే తీసుకోండి. పదహారు జట్లు. కాగితం మీద పదహారు గళ్లు గీయండి. పైన ఎనిమిది, కింద ఎనిమిది. పై సగంలోనుంచి ఒకరు, కింది సగంలోనుంచి ఒకరు గెలుచుకుంటూ వచ్చి చివరి ఆటలో కలుస్తారు. అందరిలోకి గట్టి జట్టు చీటీ పై సగంలో పడిందనుకోండి. మిగిలినవి పదిహేను గళ్లు. వాటిలో కింది సగంలో ఎనిమిది, పై సగంలో ఏడు. రెండో గట్టి జట్టు ఆ ఏడింటిలో ఎక్కడ పడినా సరే, చివరి ఆటకు ముందే మొదటి జట్టు చేతిలో ఓడిపోవాలి. అంటే పదిహేనింట ఏడుసార్లు, దాదాపు సగంసార్లు, రెండో బహుమతి అసలైన రెండో జట్టుకు అందదు! లూయిస్ కారల్ ముప్ఫయిరెండు మందికి లెక్క వేశాడు. రెండో ఆటగాడికి రెండో బహుమతి దక్కే అవకాశం ముప్ఫయ్యొకటింట పదహారు మాత్రమే అని తేల్చాడు. బొమ్మా బొరుసా వేసి బహుమతి ఇచ్చినా ఇంచుమించు అంతే.

ఆ అమ్మాయి ప్రశ్నకు ఇది జవాబు. ముప్ఫయ్యేళ్లు ఆలస్యమైంది.

మరి దీనికి మందేమిటి? మందు పేరే 'సీడింగ్'. సీడ్ అంటే విత్తనం. ఆటకూ విత్తనానికీ సంబంధమేమిటంటారా? వేరుసెనగ విత్తే రైతును ఎప్పుడైనా చూచారా? గింజలన్నీ గుప్పిట పట్టి ఒకచోట కుమ్మరించడు. గొర్రుకు కట్టిన జడ్డిగంలో ఒక్కొక్క గింజనే వదులుతాడు. ఎడమెడంగా పడితేనే గదా ప్రతి మొక్కా పెరిగేది! ఒకేచోట పడితే ఒకదాన్ని ఒకటి తొక్కేసుకుంటాయి. గట్టి జట్లు కూడా అంతే. అందుకని వాటిని పట్టికలో దూరదూరంగా నాటుతారు. ఈ మాట పందొమ్మిదో శతాబ్దం చివరి రోజుల్లో అమెరికా టెన్నిసువాళ్ల దగ్గర పుట్టింది. వింబుల్డన్ పోటీల్లో ఆటగాళ్ల బలాన్ని పట్టి నాటడం పూర్తిగా అమలులోకి వచ్చింది 1927లో.

ఎట్లా నాటాలో ఒక తమాషా కిటుకు ఉన్నది. కాగితం, పెన్సిలు తెచ్చుకోండి.

జట్లకు బలాన్నిబట్టి 1, 2, 3 అని అంకెలు వేయండి. చివరి ఆటలో 1, 2 కలవాలి. రెంటినీ కూడితే 3. అంతకు ముందు ఆటల్లో నాలుగు జట్లుంటాయి. అక్కడ ఎదురెదురు అంకెలు కూడితే 5 రావాలి. కనుక 1తో 4, 2తో 3. దానికి ముందు ఎనిమిది జట్లు. అక్కడ కూడిక 9 రావాలి. ఇదిగో ఇట్లా:

1 – 8
4 – 5
3 – 6
2 – 7

పై రెండు ఆటల్లో గెలిచినవాళ్లు ఒకరితో ఒకరు ఆడతారు, కింది రెంటిలో గెలిచినవాళ్లు ఒకరితో ఒకరు. పదహారు జట్లయితే కూడిక 17. ముప్ఫయిరెండయితే 33. ఎంత పెద్ద పోటీకైనా మీరే పట్టిక గీయవచ్చు. పెద్ద పోటీల్లో కొంచెం మార్పు చేస్తారు. టెన్నిసు, బాడ్మింటనుల్లో 1, 2 అంకెలవారిని రెండు కొసల్లో నిలిపి, 3, 4 అంకెలవారిలో ఎవరు ఏ సగంలోకి వెళ్లాలో చీటీ తీస్తారు. చీటీకి పూర్తిగా సెలవు ఇవ్వరన్నమాట.

"మనవి పదకొండు జట్లు గదా తాతయ్యా! పదకొండును ఎట్లా సగం చేస్తాం?" అన్నాడు మా మనమడు.

మంచి ప్రశ్న. ముందు మొత్తం ఎన్ని ఆటలు జరగాలో చెప్పమన్నాను. వాళ్లు వేళ్లమీద లెక్కపెట్టడం మొదలుపెట్టారు. లెక్కపెట్టనక్కరలేదు. ఒక్కొక్క ఆటకు ఒక్కొక్క జట్టు ఇంటికి పోతుంది. చివరికి ఒక్కటే మిగలాలి. పదకొండులో పది ఇంటికి పోవాలంటే పది ఆటలు. అంతే! వెయ్యి జట్లయితే తొమ్మిదివందల తొంభైతొమ్మిది ఆటలు.

ఇక సగం చేసే సంగతి. రెండు, నాలుగు, ఎనిమిది, పదహారు, ఈ వరసలో ఉన్న సంఖ్యలే చివరిదాకా సగం చేసుకుంటూ పోవడానికి పనికివస్తాయి. పదకొండుకు పైనున్నది పదహారు. పదహారులో పదకొండు పోతే అయిదు. కనుక అయిదు జట్లు మొదటి విడతలో ఆడకుండా ఊరికే రెండో విడతకు వెళ్లాలి. దీన్ని 'బై' అంటారు. ఆ బై ఎవరికి? కూడిక 17 పట్టిక గీసి చూడండి. 1కి ఎదురు 16 ఉండాలి, కాని పదహారో జట్టు లేనే లేదు. 2కు ఎదురు 15, అదీ లేదు. అట్లాగే 3, 4, 5 అంకెల జట్లకు ఎదురు ఎవరూ లేరు. పట్టికే తనంతట తాను మొదటి అయిదు జట్లకు బై ఇచ్చేసింది! మిగిలినవి 6తో 11, 7తో 10, 8తో 9. మూడు ఆటలు, ముగ్గురు విజేతలు. అయిదూ మూడూ ఎనిమిది. ఆ తరవాత దారి సాఫీ.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ల సంతోషం రెండు నిమిషాలే. "మరి ఒకటో అంకె ఎవరిది?" అనేసరికి గొడవ మొదలైంది.

కిందటేడు గెలిచినవాళ్లదే అన్నారు కొందరు. కాని ఆ జట్టులో పొడుగు అబ్బాయి వాళ్ల నాన్నకు బెంగుళూరు బదిలీ అయి వెళ్లిపోయాడు. బళ్లలో ఈ చిక్కు ఇంకా పెద్దది. పెద్దవాళ్ల పోటీల్లో కిందటేడు ఆడినవాడే ఈ ఏడూ ఆడతాడు. బడిలో పదో తరగతి పిల్లలు పరీక్ష ప్యాసై వెళ్లిపోతారు. జట్టు పేరు అదే, ఆడే కాళ్లు వేరు. కిందటేడు విజయాన్ని చూచి ఈ ఏడు అంకె వేస్తే, వెళ్లిపోయినవాళ్ల కష్టానికి ఉన్నవాళ్లకు మార్కులు వేసినట్లు.

"అయితే ఈ నెలలో ఎవరు ఎక్కువ ఆటలు గెలిచారో చూద్దాం," అన్నారు మరికొందరు. అందులోనూ మోసమున్నది. ఒక జట్టు అయిదు ఆటలాడి అయిదూ గెలిచింది. కాని గెలిచిందంతా నాలుగో తరగతి బుడతల మీద. ఇంకొక జట్టు గట్టివాళ్లతో అయిదు ఆడి మూడే గెలిచింది. ఏది గొప్ప?

దీనికి అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌వారు ఒక సూత్రం వాడేవారు. 1981 నుంచి 2018 వరకు వాడి, తరవాత దానికంటె జటిలమైనది తెచ్చుకున్నారు. హైస్కూళ్ల పోటీల్లో అటువంటి సూత్రాన్ని ఇప్పటికీ వాడే రాష్ట్రాలున్నాయి. ఆ సూత్రంలో నీ గెలుపుకు నాలుగో వంతు విలువ. నువ్వు ఎవరితో ఆడావో వాళ్ల గెలుపుకు సగం విలువ. వాళ్లు ఎవరితో ఆడారో ఆ మూడోవాళ్ల గెలుపుకు నాలుగో వంతు. మన రెండు జట్లకూ వేసి చూద్దాం. మొదటి జట్టు గెలుపు నూటికి నూరు. దాని ప్రత్యర్థులు నూటికి ఇరవై ఆటలే గెలిచిన బుడతలు. మూడోవాళ్లది యాభై అనుకోండి. 25, 10, పన్నెండున్నర, మొత్తం నలభై ఏడున్నర. రెండో జట్టు గెలుపు అరవై, ప్రత్యర్థులది డెబ్భై, మూడోవాళ్లది యాభై. 15, 35, పన్నెండున్నర, మొత్తం అరవై రెండున్నర. అన్నీ గెలిచినవాడు కింద, రెండు ఓడినవాడు పైన! చిన్నవాళ్లను కొట్టి పెద్ద పేరు తెచ్చుకోవడం ఈ సూత్రం ముందు సాగదు.

మా పిల్లలు వారం రోజులు ఉత్తుత్తి ఆటలాడారు. నేను అరుగు మీద కూచుని నోటు పుస్తకంలో వ్రాసుకున్నాను. పక్కనున్న మేడల్లో ఇటువంటి లెక్కలు క్షణానికి లక్ష వేసే కంప్యూటర్లున్నాయి. మాకు ఒక పెన్సిలు చాలింది. చివరికి ఒకటి నుంచి పదకొండు దాకా అంకెలు తేలాయి. పదకొండో అంకె ఏడో అంతస్తు ఆడపిల్లల జట్టుకు వచ్చింది. ముగ్గురూ ఆరో తరగతివాళ్లే.

వాళ్లలో ఒక పిల్ల పట్టికను చాలాసేపు చూచి, "తాతయ్యా, ఒకటో జట్టు కప్పు గెలవాలంటే మూడు ఆటలు గెలిస్తే చాలు. మేము గెలవాలంటే నాలుగు గెలవాలి. అందులోనూ మొదటే మాకంటె పెద్దవాళ్లతో! గట్టివాళ్లకే సాయం చేస్తారా?" అన్నది.

పిల్లలూ, ఇది ఆషామాషీ ప్రశ్న కాదు. సీడింగ్ రెండో జట్టుకు న్యాయం చేస్తుంది, చివరి ఆటను రక్తి కట్టిస్తుంది. ఆ ఖర్చు మాత్రం కిందివాళ్లు భరిస్తారు. ఈ సంగతి దాచిపెట్టి, పట్టిక అందరికీ సమానమే అని నేను ఆ పిల్లతో చెప్పలేకపోయాను.

మన పక్కింటి కథ ఒకటి మాత్రం చెప్పాను. రాయదుర్గానికి ఆనుకునే గచ్చిబౌలి. 2009లో ప్రపంచ బాడ్మింటన్ పోటీలు అక్కడి స్టేడియంలోనే జరిగాయి. అక్కడే పుల్లెల గోపీచంద్ శిక్షణాలయంలో తయారైన పి.వి. సింధు 2016లో బ్రెజిల్ దేశంలోని రియో ఒలింపిక్స్‌కు వెళ్లినప్పుడు ఆమె అంకె 9. అదే పోటీలో మన సైనా నెహ్వాల్ అంకె 5. అంకెలే నిజమైతే సైనా ముందుకు పోవాలి, సింధు ఎనిమిదిమందిలోకి కూడా రాకూడదు. కాని సైనా మోకాలి నొప్పితో మొదటి దశలోనే, అంకె కూడా లేని ఉక్రెయిన్ అమ్మాయి చేతిలో ఓడింది. సింధు ఎనిమిదో అంకె తై జు యింగ్‌ను ఓడించింది. తరవాత రెండో అంకె వాంగ్ యిహాన్‌ను 22–20, 21–19తో ఓడించింది. ఆ తరవాత ఆరో అంకె ఒకుహారాను. చివరి ఆటలో ఒకటో అంకె కరోలినా మారిన్ మీద మొదటి గేము గెలిచి, తరవాతి రెండూ పోగొట్టుకుని, వెండి పతకంతో వచ్చింది. ఒకటో అంకె చివరిదాకా నిలిచింది, అది పట్టిక గొప్ప. తొమ్మిదో అంకె కూడా చివరిదాకా వచ్చింది, అది సింధు గొప్ప.

"ఆమె పెద్దది తాతయ్యా. మేము ఆరో తరగతి," అన్నది ఆ పిల్ల. కథలతో మభ్యపెట్టడం ఈ కాలం పిల్లల దగ్గర కుదరదు.

నిజమే. బలంలో కొద్దిపాటి తేడా ఉంటే అంకెలు పనికివస్తాయి. మరీ పెద్ద తేడా ఉంటే పట్టికనే విడదీయాలి. మన బళ్ల పోటీల్లో వయస్సునుబట్టి విడదీస్తారు. పధ్నాలుగేళ్లలోపు, పదిహేడేళ్లలోపు, పందొమ్మిదేళ్లలోపు. మన జాతీయ బాస్కెట్‌బాల్ పోటీల్లో రాష్ట్రాల జట్లను బలాన్నిబట్టి రెండు అంచెలు చేస్తారు. కిందటిసారి ముందు నిలిచిన పది జట్లు పై అంచె, మిగిలినవి కింది అంచె. కింది అంచెలో బాగా ఆడినవారికి పైకి దారి ఉంటుంది.

అమెరికాలో డల్లాస్ నగరం దగ్గర మన తెలుగువాళ్లు బోలెడుమంది ఉన్నారు. అక్కడి హైస్కూళ్లను టెక్సాస్ రాష్ట్రంవారు పిల్లల సంఖ్యనుబట్టి ఆరు తరగతులు చేశారు. బాస్కెట్‌బాల్‌లో అదీ చాలలేదు. 2024–25 నుంచి, ఒక్కొక్క జిల్లాలో పై పోటీకి ఎంపికైన నాలుగు జట్లలో పెద్ద బళ్లు రెంటినీ ఒక విభాగంలోకి, చిన్న బళ్లు రెంటినీ ఇంకొక విభాగంలోకి పంపుతున్నారు. అయిదువేలమంది చదివే బడిలో ఆరడుగుల పిల్లలు పదిమంది దొరుకుతారు. రెండువందలమంది చదివే బడిలో ఒక్కడు దొరికితే గొప్ప. ఆ ఇద్దరినీ ఎదురెదురు నిలపడం సరికాదని వాళ్ల వాదం. కాలిఫోర్నియావారు మరొక దారి పట్టారు. బడి ఎంత పెద్దదని చూడరు, జట్టు ఎట్లా ఆడుతున్నదో చూచి విభాగాలు చేస్తారు. అన్నిటికంటె గట్టి జట్లకు ప్రత్యేకంగా ఒక విభాగం ఉన్నది.

ఇండియానా రాష్ట్రంవారు మాత్రం 1911 నుంచి 1997 దాకా విడదీయలేదు. చిన్నా పెద్దా బళ్లన్నిటికీ ఒకటే పోటీ, ఒకటే కప్పు. 1954లో ఏడువందలకు పైగా జట్లు. (ఆటలెన్నో మీకు తెలుసు గదా!) అందులో మిలాన్ అనే చిన్న ఊరి బడి ఒకటి. పిల్లలు మొత్తం నూట అరవైయొక్కమంది. చివరి ఆటలో వాళ్లకు ఎదురుపడింది మన్సీ సెంట్రల్ అనే బడి, పిల్లల సంఖ్యలో పదిరెట్లు పెద్దది. మిలాన్ రెండు పాయింట్లు వెనకబడి ఉండగా బాబీ ప్లంప్ అనే కుర్రవాడు బంతిని చేత్తో పట్టుకుని, ఎవరికీ వేయకుండా, రింగుకు కొట్టకుండా, నాలుగు నిమిషాలకు పైగా ఊరికే నిలబడ్డాడు! చూడవచ్చిన వేలమంది ఊపిరి బిగబట్టారు. అది వాళ్ల శిక్షకుడి ఎత్తు. ఆట సాగినకొద్దీ పెద్ద బడికే లాభం. ఆట ఆగితే ఇద్దరూ సమానం. తరవాత స్కోరు 30–30 అయింది. ఆఖరు క్షణాల్లో అదే ప్లంప్ బంతిని రింగులో వేశాడు. 32–30. ఆ రాష్ట్రంలో ముసలివాళ్లు ఇప్పటికీ ఆ కథ చెప్పుకుంటారు. 1997 తరవాత అక్కడా బళ్లను నాలుగు తరగతులు చేశారు. చాలామంది చిన్న బళ్లకు కప్పులు వస్తున్నాయి. కాని పెద్ద బడిని కొట్టి తెచ్చుకున్న కప్పు ఇక రాదు. ఏది మేలు? నన్నడిగితే, ఆడేవాళ్లకు విభాగాలు మేలు, కథ చెప్పేవాళ్లకు మిలాన్ మేలు.

విభాగాలతోనూ, పట్టికలతోనూ ఇంకొక తంటా వస్తుంది. ఇప్పుడు ఓడిపోతే ముందు సులువైన ప్రత్యర్థి దొరుకుతాడని తెలిస్తే? 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఆడవాళ్ల బాడ్మింటన్ జోడీల్లో సరిగ్గా ఇదే జరిగింది. చైనా జోడీ ఒకటి, దక్షిణ కొరియా జోడీలు రెండు, ఇండోనేషియా జోడీ ఒకటి, కావాలని షటిల్‌ను వలకు కొట్టుకున్నాయి. ఇటూ ఓడాలనే, అటూ ఓడాలనే! చూచేవాళ్లు ఛీ కొట్టారు. ఆ ఎనిమిదిమందినీ పోటీనుంచి వెళ్లగొట్టారు. మన హైదరాబాదు అమ్మాయి గుత్తా జ్వాల, అశ్వినీ పొన్నప్పల జోడీ ఆ పోటీలోనే ఒక్క పాయింటు తేడాతో ముందుకు పోలేకపోయింది. వాళ్ల గుంపులో జరిగిన వేరొక ఆట మీద మనవాళ్లు చేసిన ఫిర్యాదును కొట్టేశారు. ఆ తరవాత నియమం మార్చారు. గుంపులో రెండోస్థానం వచ్చిన జోడీలు తరవాత ఎవరితో ఆడాలో, గుంపు ఆటలు ముగిసిన తరవాతనే చీటీ తీస్తారు. అప్పుడు కావాలని ఓడి లాభం ఏముంది? చూచారా, తరిమేసిన చీటీని మళ్లీ పిలుచుకు రావలసివచ్చింది.

ఇవన్నీ విన్న తరవాత మా పిల్లలు గంటసేపు తర్జనభర్జన పడ్డారు. రెండు విభాగాలు చేద్దామా? పదకొండు జట్లకు రెండు కప్పులా? ఇంతలో నాకు వేపచెట్టు కింద విప్పని పులిహోర మూట గుర్తుకు వచ్చింది. వాళ్లకు ఆ సంగతి చెప్పాను. పదకొండో జట్టు పిల్ల వెంటనే, "అయితే ఓడినవాళ్లకు ఇంకొక పట్టిక పెట్టండి," అన్నది.

అదే స్థిరపడింది. మొదటి విడతలో ఓడే మూడు జట్లూ, రెండో విడతలో ఓడే నాలుగు జట్లూ కలిసి ఏడు. ఆ ఏడింటికీ వేరే పోటీ. ఎవరైనా సరే, కనీసం రెండు ఆటలాడకుండా ఇంటికి పోనక్కరలేదు. ముందటివి పది, ఇవి ఆరు, మొత్తం పదహారు ఆటలు. రాత్రి తొమ్మిదింటికి లైట్లు ఆర్పేయాలి గనక రెండు రోజుల పోటీని మూడు రోజులు చేశారు.

పోటీ మొదటి సాయంత్రం ఆడపిల్లల జట్టు ఆరో అంకెవాళ్ల చేతిలో 21–17తో ఓడిపోయింది. నాలుగు పాయింట్లే తేడా! చెమట తుడుచుకుంటూ ఆ పిల్ల నా దగ్గరికి వచ్చి, పెన్సిలు అడిగి తీసుకుని, రెండో పట్టిక గీయడానికి కూచున్నది. మర్నాడు రాత్రికి ఏడు జట్ల పేర్లూ తేలాయి. ఏడుకు పైన ఎనిమిది, కనుక ఒక బై. దాన్ని తన జట్టుకు వేసుకుంటుందేమోనని నేను కళ్లజోడు సవరించుకుని చూచాను. కూడిక 9 వచ్చేటట్లు అంకెలన్నీ వేసుకుని, ఎనిమిది లేదు గనక ఎవరికి రావాలో వాళ్లకే వేసింది. తన జట్టు పేరు అట్టడుగున వ్రాసి, "రేపు సాయంత్రం నాలుగున్నరకు మాదే మొదటి ఆట, తాతయ్యా. కుర్చీ వేసుకుని ముందుగా రండి," అని చెప్పి, మెట్లమీద పరుగెత్తింది.